అక్కకి పనిచేసిన మాత్ర చెల్లెలికి ఎందుకు పనిచేయలేదు? ఎండోమెట్రియోసిస్ పరిశోధన ఎంతవరకు వచ్చింది?

ఎండోమెట్రియోసిస్ అంటే గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం గర్భాశయం బయట పెరిగే జబ్బు. దానికి ఇచ్చే డైనోజెస్ట్ అనే మాత్రతో మీ అక్కకి నొప్పి తగ్గింది, అదే మాత్ర నెలల తరబడి వాడినా మీకు తగ్గలేదు, పైగా స్కాన్‌లో మీకే తక్కువ ఉందన్నారు, దీనిమీద అసలెవరైనా పరిశోధన చేస్తున్నారా అని కదా మీ ప్రశ్న. చేస్తున్నారు. నేను డాక్టర్ని కాను, కానీ ఏళ్లుగా ఈ జబ్బుతో ఉన్నదాన్ని కాబట్టి చదివి తెలుసుకున్నది చెప్తాను.

నా ల్యాప్రోస్కోపీ (పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్) రిపోర్టులో స్టేజ్ 1 అని రాశారు. వేడినీళ్ల బ్యాగు పెట్టీ పెట్టీ పొత్తికడుపు మీద గోధుమరంగులో వల అల్లినట్టు మచ్చలు పడ్డాయి, అంత నొప్పి నాది. పక్క బెడ్ ఆవిడది స్టేజ్ 4, రెండు అండాశయాల్లోనూ చాక్లెట్ సిస్టులు, అంటే ఈ జబ్బు వల్ల పాత రక్తం నిండిన తిత్తులు. ఆవిడకి నొప్పే తెలియదట. పిల్లలు కలగడం లేదని వస్తే బయటపడింది. పొట్టలో ఎక్కడెక్కడ పాకింది, ఎంత అతుక్కుంది అన్నదాన్ని బట్టి స్టేజ్ వేస్తారు. నొప్పితో దానికి సంబంధం లేదు. ఇది ఎవరూ చెప్పరు గానీ "స్టేజ్ వన్నేగా, కాస్త ఓర్చుకో, ఒక కాన్పయితే అదే సర్దుకుంటుంది" అని మాత్రం అందరూ చెప్తారు. కాన్పు దీనికి మందు కాదు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన మనిషి అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ లిండా గ్రిఫిత్. ఆవిడ గైనకాలజిస్టు కాదు, బయో ఇంజినీరు. తనకీ ఇదే జబ్బు, పలుమార్లు ఆపరేషన్లయ్యాయి. 2009లో ఎంఐటీలో స్త్రీల గర్భాశయ వ్యాధుల మీద ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ఆ మరుసటేడే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో కణితి ఏ రకమో పరీక్ష చేసి, ఆ రకాన్ని బట్టి మందు ఎంచుతున్నారు. మరి ఎండోమెట్రియోసిస్‌కి అలా ఎందుకు లేదు, అందరినీ ఒకే గాటన ఎందుకు కడుతున్నారు అన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. 2014లో ఆవిడ బృందం రోగుల పొట్టలోని ద్రవాన్ని పరీక్షించి, కొందరిలో మాత్రమే వాపును పెంచే ఒక గుంపు ప్రొటీన్లు కలిసికట్టుగా పెరుగుతున్నాయని చూపించింది. ఎలుకలకు మనలా నెలసరి రాదు కాబట్టి, రోగులు ఇచ్చిన కణజాలాన్నే ల్యాబ్‌లో జెల్‌లో పెంచి మందులు పరీక్షించే పని కూడా సాగుతోంది.

ఇక మీ మాత్ర సంగతి. డైనోజెస్ట్, ఆడవాళ్ల ఒంట్లో తయారయ్యే ప్రొజెస్టెరాన్ లాంటి హార్మోను. కొందరిలో ఈ జబ్బు కణాలు ప్రొజెస్టెరాన్ మాట సరిగా వినవు. ఎవరివి వింటాయో ముందే చెప్పే పరీక్ష ఇంకా వాడుకలోకి రాలేదు. అందుకే మనకిచ్చే మందులన్నీ వేసి చూసే బాపతే. అసలీ జబ్బు ఎందుకొస్తుందంటే, నెలసరి రక్తం వెనక్కి పొట్టలోకి వెళ్లి, అందులోని కణాలు అక్కడ అంటుకుంటాయని అమెరికా డాక్టర్ జాన్ శాంప్సన్ 1920ల్లో చెప్పిన సిద్ధాంతాన్నే ఇప్పటికీ చెప్తారు. నిజమే, కానీ అలా వెళ్లడం చాలామంది ఆడవాళ్లలో జరుగుతుంది. జబ్బు మాత్రం పదిమందిలో ఒకరికే వస్తోంది.

వంశపారంపర్యం కూడా ఉంది. 2023లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన క్రినా జోండర్వాన్ బృందం 60 వేల మందికి పైగా రోగుల జన్యువులు చూసి, జబ్బుతో ముడిపడ్డ 42 చోట్లు గుర్తించింది. వాటిలో కొన్నింటికి మైగ్రేన్, నడుం నొప్పులతోనూ సంబంధం ఉందట. నాకు మైగ్రేన్ కూడా ఉంది, అది చదివాక ఎవరో నా మాట నమ్మినట్టనిపించింది. అయితే ఆ నమూనాలు యూరప్, తూర్పు ఆసియా మూలాల వాళ్లవి. మన వాళ్ల మీద ముంబైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థలో డాక్టర్ రాహుల్ గజ్భియే బృందం పనిచేస్తోంది.

మీరు ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు అక్కకీ ఉందని ముందే చెప్పండి. స్కాన్ నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు, పొట్ట లోపలి పలచటి మచ్చలు అందులో కనబడవు. ఆపరేషన్ దాకా వెళ్తే బయాప్సీ (తీసిన ముక్క పరీక్ష) రిపోర్టు, ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకోండి. డిశ్చార్జ్ సమ్మరీలో సగం విషయాలు ఉండవు.