రెండు హీట్ పంపుల ఈపీడీల్లో ఒకదాని కార్బన్ అంకె సగమే ఉంది, అదే మంచిదనుకోవచ్చా?

మీరు అడిగింది ఇదే కదా, బిల్డింగ్‌కి రెండు కంపెనీల హీట్ పంపులు (కరెంటుతో బిల్డింగ్‌ని వేడి చేసే మెషీన్లు) చూస్తున్నారు, రెండిటికీ ఈపీడీలు, అంటే వస్తువు పర్యావరణం మీద చూపే ప్రభావాన్ని లెక్కగట్టి ఇచ్చే పత్రాలు ఉన్నాయి, ఒకదాంట్లో అంకె రెండోదాంట్లో సగమే కనిపిస్తోంది, తక్కువున్నదాన్ని రిపోర్ట్‌లో రాసేయొచ్చా అని. అప్పుడే రాయకండి. సరిగ్గా ఇదే పని నేనూ చేశాను, పంపిన రిపోర్ట్‌ని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది, అందుకే కొంచెం పొడుగ్గా చెప్తున్నా.

నాది బిల్డింగుల్లో కరెంటు, హీటింగ్ సామాన్లు చూసే పని. ఓ ప్రాజెక్టులో రెండు హీట్ పంపుల ఈపీడీలు పక్కపక్కన తెరిచి ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నా. ఈపీడీలో వస్తువు జీవితాన్ని ఏ (తయారీ), బీ (వాడకం), సీ (తీసేయడం) అని దశలుగా విడగొట్టి టేబుల్లో ఒక్కోదానికి ఒక్కో గడి పెడతారు, ఈ దశల్నే మాడ్యూళ్లంటారు. మొదటిదాంట్లో బీ1 గడిలో ఒక అంకె ఉంది, రెండోదాంట్లో అదే గడిలో ఎంఎన్‌డీ అని మూడక్షరాలున్నాయి. నేను అక్కడ సున్నా కొట్టి ముందుకెళ్లిపోయా. ఎంఎన్‌డీ అంటే ఆ దశని అసలు లెక్కే కట్టలేదని, సున్నా అని కాదు. హీట్ పంపులో బీ1 అంటే వాడుతున్నన్నాళ్లూ లీకయ్యే రిఫ్రిజిరెంట్ గ్యాస్ (లోపల తిరుగుతూ వేడిని మోసే గ్యాస్), అంటే నేను సున్నా అనుకున్నది చిన్న విషయం కాదు.

ఎంత పెద్దదో మీరే లెక్క కట్టి చూడండి. ఆర్410ఏ గ్యాస్ ఒక కేజీ గాల్లో కలిస్తే 2088 కేజీల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఆర్32 అయితే 675. మెషీన్‌లో 1.8 కేజీల ఆర్410ఏ ఉందనుకోండి, మొత్తం 3758 కేజీలు అవుతుంది. ఏడాదికి 2 శాతం లీకై, పోయినంతా మళ్లీ నింపుతూ 20 ఏళ్లు నడిపితే 40 శాతం, అంటే దాదాపు 1500 కేజీలు. మెషీన్ తీసేసే రోజున లోపలున్న గ్యాస్‌ని పూర్తిగా పట్టకుండా వదిలేస్తే అది ఇంకా అదనం, అది సీ దశల్లో కనపడాలి. అందుకే హీట్ పంపు ఈపీడీ చేతికొస్తే నేను ముందు వెతికేది ఏ గ్యాస్, ఎన్ని కేజీలు, ఏడాదికి ఎంత లీకేజీ అనుకున్నారు అన్న మూడు విషయాలే, ఈ మూడూ దొరక్కపోతే మొత్తం అంకెని నేను నమ్మను.

రెండోది యూనిట్. ఒకళ్లు మొత్తం మెషీన్‌కి ఇస్తారు, ఇంకొకళ్లు 1 కిలోవాట్ హీటింగ్‌కి ఇస్తారు, మీకు సగం కనిపించడానికి కారణం ఇదే అయినా ఆశ్చర్యం లేదు. కిలోవాట్లతో గుణించేస్తే సరిపోతుంది అనుకుంటాం గానీ ఆ మెషీన్ ఎన్నేళ్లు పనిచేస్తుందని అనుకున్నారో కూడా చూడాలి, అది రెండిట్లో వేరుగా ఉంటే వాడకం లెక్కలు అసలు పోల్చడానికే పనికిరావు. ఇంకోటి, చాలా ఈపీడీలు ఒక్క మోడల్‌కి కాదు, మొత్తం రేంజ్‌కి ఉంటాయి, ఒక రిఫరెన్స్ మోడల్‌కి పూర్తి లెక్క ఇచ్చి మిగతా సైజులకి గుణకాల టేబుల్ ఎక్కడో చివర్లో పెడతారు. మీరు కొనేది 16 కిలోవాట్లది, ముందు పేజీలో అంకె 8 కిలోవాట్లదైతే ఆ టేబుల్ చూడకుండా వాడకూడదు.

అసలు పోల్చడానికి ఎప్పుడు కుదురుతుందంటే, రెండూ ఒకే పీసీఆర్ కింద తయారైనప్పుడు. పీసీఆర్ అంటే ఆ రకం వస్తువుకి లెక్క ఎలా కట్టాలో చెప్పే రూల్స్. ఈపీడీల మూల ప్రమాణం ఐఎస్ఓ 14025, బిల్డింగ్ సామాన్లకి యూరప్‌లో ఈఎన్ 15804 ఉంది, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులకి ఈఎన్ 50693 అని 2019లో వచ్చింది. ఫ్రాన్స్‌లో మొదలైన పెప్ ఎకోపాస్‌పోర్ట్ ప్రోగ్రామ్ అయితే ఒక్కో రకం వస్తువుకి ఇంకా విడిగా రూల్స్ పెడుతుంది, మన లైన్‌లో ఎక్కువగా తగిలేవి అవే. 15804 పక్కన ఏ1 సవరణ అని ఉందా, 2019లో వచ్చిన ఏ2 సవరణ అని ఉందా కూడా చూస్కోండి, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టకూడదు.

ఇక బీ6, అంటే వాడేటప్పుడు తినే కరెంటు. ఎలక్ట్రికల్ సామాన్లలో ఎక్కువ బరువు ఇక్కడే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ చూడండి, లోడ్ ఏమీ లేకపోయినా 500 వాట్లు పోతున్నాయనుకుంటే ఏడాదికి 8760 గంటలు, 4380 యూనిట్లు, 25 ఏళ్లకి లక్ష దాటిపోతుంది. దీని ముందు రాగి, ఇనుము తయారీ చాలాసార్లు చిన్నదే. కానీ ఆ యూనిట్లని కార్బన్‌గా మార్చేటప్పుడు ఏ దేశపు కరెంటు తీసుకున్నారన్నది ఈపీడీ లోపల ఎక్కడో ఒక లైన్‌లో ఉంటుంది. అణువిద్యుత్ ఎక్కువున్న ఫ్రాన్స్ గ్రిడ్‌తో కట్టిన బీ6, బొగ్గు కరెంటు ఎక్కువున్న చోట కట్టిన బీ6 ఒకటి కావు. అందుకే నేను బీ6 కార్బన్ అంకెని అలాగే ఎత్తి రాయను, కిలోవాట్ గంటలు తీసుకుని బిల్డింగ్ ఉన్న చోటి గ్రిడ్‌తో నేనే మళ్లీ కడతా.

డీ మాడ్యూల్‌ని మాత్రం మొత్తంలో కలపకండి. తర్వాత రాగి, స్టీలు రీసైకిల్ అయితే వచ్చే లాభం అది, మైనస్ అంకెగా ఉంటుంది, సిస్టమ్ బయటిది కాబట్టి విడిగానే చూపించాలి. రిపోర్టుల్లో అది కలిపేసి అంకె తగ్గించడం నేను చూశాను, నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే కష్టపడి పూర్తి లెక్క ఇచ్చిన కంపెనీయే చివరికి చెడ్డగా కనపడుతుంది. ఈపీడీ ఉందంటే వస్తువు మంచిదని కాదు, లెక్కని బయటివాళ్లు తనిఖీ చేశారని మాత్రమే.

కొన్ని ప్యానెళ్లకి, పంపులకి అసలు ఈపీడీలే ఉండవు. అప్పుడు సీఐబీఎస్ఈ (బ్రిటన్‌లోని బిల్డింగ్ సర్వీసుల ఇంజినీర్ల సంస్థ) వాళ్ల టీఎం65 పద్ధతి వాడొచ్చు, ఏ మెటీరియల్ ఎన్ని కేజీలో కంపెనీని అడిగి అంచనా కడతారు. అది కావాలనే కొంచెం ఎక్కువ పడేలా కట్టే అంచనా, కాబట్టి ఈపీడీ ఉన్నదాని పక్కన పెట్టి ఇది చెడ్డది అనకండి.

నేను అప్పట్లో రెండో కంపెనీకి మెయిల్ పెట్టి బీ1 అడిగాను, గ్యాస్ బరువు, లీకేజీ శాతం రెండూ ఇచ్చారు. అవి కలిపాక ఆ మెషీనే ఎక్కువైంది. మీరూ అడగండి, ఈపీడీ గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూస్కోండి, మామూలుగా 5 ఏళ్లే. మీ రెండు ఈపీడీల్లో మాడ్యూళ్ల టేబుల్, ఫంక్షనల్ యూనిట్ (అంకె దేనికి, ఎంతకి లెక్క కట్టారన్నది) రాసిన లైను ఇక్కడ పెడితే చూసి చెప్తాను.