నాలుగో బోరు వేసే ముందు లెక్క చూసుకోండి
నీరు - నేల: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బోర్ల గురించే. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. అయిదెకరాల బత్తాయి తోట, చెట్లకు తొమ్మిదేళ్లు. మూడు బోర్లలో రెండు ఎండిపోయినయ్. మూడోది 450 ఫీట్లు. గంట పోసి ఆగిపోతుంది, గంటన్నర ఆగితే మళ్లీ అందుకుంటుంది. వెయ్యి ఫీట్లు వేస్తే నీళ్లు పడతాయని బండివాళ్లు చెప్తున్నరు. వేయమంటారా?
- ఒక బత్తాయి రైతు

జవాబు: వద్దనే మా మాట. మీ నేల కింద ఉన్నది గ్రానైట్. ఇసుక నేలల్లోలాగా ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లుండే భూమి కాదిది. పైన పది ఇరవై మీటర్లు మెత్తబడిన రాయి, దాని కింద పగుళ్లు. నీళ్లు నిలిచేది ఈ రెంటిలోనే. పగుళ్లు చాలా వరకు 300 ఫీట్ల లోపే ఉంటాయి. ఇంకా దిగితే అవి సన్నబడతాయి, ఒకదానితో ఒకటి కలవవు. వెయ్యి ఫీట్లలో నీళ్లు పడ్డ బోర్లు లేకపోలేదు. కానీ అవి చాలా ఏళ్లుగా రాతిలో నిలిచిపోయిన నీళ్లు. తోడినంత వేగంగా మళ్లీ చేరవు, పైగా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంటుంది. కొబ్బరికాయ, వేపపుల్ల పట్టి చూపించుకోవడం మీ ఇష్టం. యంత్రంతో చేసే రెసిస్టివిటీ సర్వే అయినా రాయి ఎక్కడ మెత్తగా ఉందో, ఎంత లోతు దాకా ఉందో చెబుతుందే గాని ఎన్ని ఇంచుల నీళ్లు పడతాయో చెప్పదు.

ఉన్న బోరు లెక్క ముందు తీయండి. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని నిమిషాల్లో నిండుతుందో చూడండి. మోటారు ఆన్ చేయగానే కాదు, అరగంట నడిచాక. నాలుగు నిమిషాలు పట్టిందనుకోండి, గంటకు 3,000 లీటర్లు. ఆగుతూ నడుస్తూ రోజుకు ఆరు గంటలు పోస్తే 18,000 లీటర్లు. ఇక తోట వైపు చూద్దాం. 20 ఫీట్ల ఎడంలో నాటితే ఎకరాకు 110 చెట్ల దాకా వస్తాయి, అయిదెకరాలకు 550. నడి ఎండాకాలంలో కాయ ఉన్న చెట్టుకు రోజుకు 120 లీటర్లు వేసుకున్నా 66,000 లీటర్లు కావాలి. మీ బోరు 150 చెట్లను మాత్రమే కాయతో నిలబెట్టగలదు.

అందరికీ కొంచెం కొంచెం పోస్తే మొత్తం తోట నీరసిస్తుంది. మంచి చెట్లను ఎంచుకుని రంగుతో గుర్తు పెట్టండి, వాటికి పూర్తిగా ఇవ్వండి. మిగతావాటికి ఈ ఏడు కాయ తెంపేసి, ఎండు కొమ్మలు, నీటి కొమ్మలు తీసేసి, మిగిలిన నీళ్లు ఏమన్నా ఉంటే బతకడానికి సరిపడా ఇవ్వాలి. కాయ తెంపడానికి ఎవరికీ మనసొప్పదు. ఒక కాపు పోయినా చెట్టు దక్కుతుంది.

పాదుల్లో వరిగడ్డి గాని, పల్లికాయ పొట్టు గాని నాలుగు ఇంచుల మందం పరచండి. మొదలుకు అడుగు దూరం వదలాలి, లేకపోతే తేమ నిలిచి బంక తెగులు వస్తుంది. డ్రిప్పర్లు మొదలు దగ్గర కాదు, కొమ్మల అంచు కింద ఉండాలి. గంటకు 8 లీటర్లవి నాలుగు పెడితే 120 లీటర్లకు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ఇంకొకటి: బోరు ఆగి ఆగి పోస్తున్నప్పుడు నీళ్లు లేకుండా మోటారు నడిచిందంటే వైండింగ్ కాలుతుంది. స్టార్టర్‌కు డ్రై రన్ కటాఫ్ (నీళ్లు లేకపోతే మోటారును ఆపేసే పరికరం) పెట్టించండి. మోటారు రీవైండింగ్‌తో పోలిస్తే దాని ధర ఎంతో కాదు.

ఎండిన రెండు బోర్లలో పల్లం వైపు ఉన్నదాన్ని వాన నీళ్లు ఇంకించడానికి వాడుకోండి. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. చెల్కలో అందులో అయిదో వంతు పారినా రెండెకరాల నుంచి 40,000 లీటర్లు వస్తాయి. కేసింగ్ చుట్టూ 10 ఫీట్ల వెడల్పు, 10 ఫీట్ల పొడవు, 10 ఫీట్ల లోతు గుంత తీయండి. గుంతలో ఉన్న కేసింగ్‌కు కింది అయిదు ఫీట్లలో సన్న రంధ్రాలు వేసి, నైలాన్ జాలి రెండు చుట్లు చుట్టి గట్టిగా కట్టండి. అడుగున అయిదు ఫీట్లు పిడికిలి కంటే పెద్ద రాళ్లు, పైన రెండు ఫీట్లు 40 ఎం.ఎం. కంకర, ఒక ఫీటు 20 ఎం.ఎం. కంకర, దాని మీద మళ్లీ జాలి, ఆపైన ఒక ఫీటు దొడ్డు ఇసుక. పై ఫీటు ఖాళీగా వదలండి, నీళ్లు నిలవాలి కదా.

చాలాచోట్ల పని చెడేది ఇక్కడే: బురద నీళ్లను నేరుగా గుంతలోకి వదులుతారు. రెండు వానలకే ఇసుక మీద మట్టి పొర గట్టిపడుతుంది, నీళ్లు దిగవు. కేసింగ్ జాలి చిరిగితే మట్టి బోరులోకే పోతుంది, పగుళ్లు శాశ్వతంగా మూసుకుపోతాయి. అందుకే ముందు 6 ఫీట్ల చదరం, 4 ఫీట్ల లోతు మట్టి తేరే గుంత ఒకటి ఉండాలి. అందులో నిండి పొర్లిన నీళ్లే ఈ గుంతకు రావాలి. ఏటా మృగశిర కంటే ముందే ఇసుక పైపొర మూడు ఇంచులు గీకి కొత్తది వేయండి. పురుగుమందులు కొట్టే పత్తి చేను నీళ్లు, పశువుల కొట్టం నీళ్లు మాత్రం ఎప్పుడూ మళ్లించొద్దు. ఇంకిన నీళ్లన్నీ మీ బోరుకే రావు, పక్కవాళ్ల బోరుకూ పోతాయి. గెట్టు పంచుకున్న నలుగురు కలిసి చేసుకుంటే ఆ బాధ ఉండదు.

మా మాట కాదని కొత్త బోరే వేస్తామంటే, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు.

ప్రశ్న: మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఒక్కోసారి నాలుగైదు రోజులు రావు. అప్పుడు బోరు నీళ్లే గతి. పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు, క్షారత 300 అని వచ్చింది. కాచి తాగితే సరిపోదా? పటికతో తీయొచ్చంటారు, ఎట్ల?
- ఒక గృహిణి, చండూరు

జవాబు: కాస్తే ఫ్లోరైడ్ పోదమ్మా, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ తీయదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మీవి ఆ గీత దాటాయి.

పటిక పద్ధతిని నాగ్‌పూర్‌లోని 'నీరి' (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. దేశమంతా దాన్ని 'నల్లగొండ పద్ధతి' అనే పిలుస్తారు. మీ నీళ్లకు లీటరుకు సుమారు 270 మిల్లీగ్రాముల పటిక పడుతుంది. 100 గ్రాముల పటికను లీటరు నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోండి. 40 లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో ముందు అర గ్రాము సున్నం, చిటికెడు కంటే తక్కువ బ్లీచింగ్ పౌడర్ కలపండి. తర్వాత పటిక నీళ్లు 110 మిల్లీలీటర్లు పోసి, మొదట ఒక నిమిషం వేగంగా, ఆపైన పది నిమిషాలు నిదానంగా తిప్పండి. తెల్లటి మడ్డి దూది పింజల్లా కట్టి కిందికి దిగడం కనిపిస్తుంది. అప్పుడు కదిలించకుండా గంట వదిలేయండి. బకెట్‌కు అడుగు నుంచి రెండు ఇంచుల పైన నల్లా పెట్టించుకుంటే మడ్డి కదలకుండా తేట నీళ్లు పట్టుకోవచ్చు. గుడ్డలో వడకట్టండి.

వేగంగానే తిప్పుతూ పోతే కట్టిన మడ్డి విరిగిపోయి నీళ్లు తేరవు. మంచిదని పటిక ఎక్కువ వేస్తే నీళ్లు వగరెక్కుతాయి, అల్యూమినియం మిగిలిపోతుంది. అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. వానాకాలం, ఎండాకాలం నీళ్లు ఒకలా ఉండవు కాబట్టి ఏడాదికి రెండుసార్లు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించి మోతాదు మార్చుకోవాలి. మడ్డిని బాయి దగ్గర గాని, పశువులు తాగే చోట గాని పోయొద్దు. ఆర్వో మిషన్ వదిలే నీళ్లకూ ఇదే మాట, అందులో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ.

రోజూ ఈ పని చేయడం కష్టమే, నిజం. వీలుంటే ఇంటి కప్పు మీది వాన పట్టుకోండి. అయిదుగురికి తాగడానికి, వంటకు రోజుకు 25 లీటర్లు చొప్పున ఏడాదికి 9,000 లీటర్ల పైచిలుకు కావాలి. 600 మిల్లీమీటర్ల వానలో 20 చదరపు మీటర్ల కప్పు నుంచే అన్ని నీళ్లు దిగుతాయి. మొదటి వాన వదిలేసి, మూత ఉన్న ట్యాంకులోకి ఎక్కించండి. వంటను మరిచిపోవద్దు. అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే ఫ్లోరైడ్ అందులోంచే వస్తుంది.

ప్రశ్న: ఎర్ర చెల్కకు చెరువు మట్టి ఎకరాకు ఎన్ని ట్రాలీలు తోలాలి?
- ఒక రైతు, దేవరకద్ర

జవాబు: మూడు టన్నుల ట్రాలీ అయితే 30 నుంచి 35. పరిస్తే మందం రెండు సెంటీమీటర్లు ఉండదు, అయినా అంతే చాలు. దానికి రెట్టింపు తోలితే వాన పడ్డాక పైన పెచ్చు కట్టి మొలక రాదు. తోలే ముందు మట్టి పరీక్ష చేయించండి. చెరువులో ఎండిన మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటే అది చౌడు, వద్దు. ఊరి మురికి కాలువ వచ్చి కలిసే వైపు మట్టి కూడా వద్దు. మే నెలలో చల్లి, తొలకరికి కలియదున్నండి.

చెరువులో తవ్వేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: కట్టకు దగ్గరగా తవ్వొద్దు, కింద మొరం తేలేదాకా తవ్వొద్దు. నల్లమట్టి పొర పోతే చెరువు నీళ్లు నిలవవు.

ప్రశ్న: వదిలేసిన బోరు గుంత మూయాలంటే మూత పెడితే సరిపోతుందా?
- పాఠకుడు, అచ్చంపేట

జవాబు: సరిపోదు. గోనెసంచి, బండరాయి కప్పి వదిలిన బోర్లలోనే పిల్లలు పడుతున్నారు. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మట్టి, ఇసుక, రాళ్లు, డ్రిల్లింగ్‌లో వచ్చిన పొడి వీటితో అడుగు నుంచి నేల మట్టం దాకా నింపాలి. ఒకేసారి గుమ్మరిస్తే మధ్యలో ఇరుక్కుని కింద ఖాళీ మిగులుతుంది. తట్ట తట్టగా పోస్తూ నీళ్లు వదలండి. ఒక వాన పడ్డాక మట్టి కుంగుతుంది, మళ్లీ నింపాలి. కేసింగ్ పైపు అమ్ముకోవాలని పీకి, గుంతను అలాగే వదిలేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. అట్లాంటిది కనిపిస్తే పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆలోపు ముళ్లకంప కట్టి, చుట్టూ కంచె వేయండి.