ఎయిర్ కండిషనర్ వైరులో ఫేజు, న్యూట్రల్ తీగలు పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి ఎందుకు లాక్కోవు?

నిజానికి అవి లాక్కోవు, నెట్టుకుంటాయి. ఆ నెట్టుడు మనకు తెలిసేంత ఉండదు, అంతే.

కరెంటు పారే తీగ చుట్టూ వలయాలుగా అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పక్క తీగ ఆ క్షేత్రంలోనే ఉంటుంది కాబట్టి, అందులో కదిలే ఎలక్ట్రాన్ల మీద బలం పడుతుంది. రెండు తీగల్లోనూ కరెంటు ఒకే దిశలో పోతే ఆకర్షణ, ఎదురెదురుగా పోతే వికర్షణ. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని బట్టీ పట్టిన ఇంటర్ పిల్లలు సరిగ్గా ఇక్కడే తప్పు రాస్తారు. తీగల మధ్య ఈ ఆకర్షణ, వికర్షణలను 1820లో ఆంపియర్ ప్రయోగం చేసి చూపించాడు.

ఫేజులో వెళ్లిన కరెంటే న్యూట్రల్‌లో తిరిగొస్తుంది, కాబట్టి ఇక్కడ వికర్షణే. ఇంటికొచ్చేది ఆల్టర్నేటింగ్ కరెంటు, దాని దిశ మారుతూ ఉంటుంది కదా అంటారేమో. రెండింటిలోనూ ఒకేసారి మారుతుంది, అందుకే వికర్షణ వికర్షణగానే ఉంటుంది.

ఎంత బలం? మీటరు పొడవుకు 2×10⁻⁷ × I₁ × I₂ ÷ దూరం (I₁, I₂ అంటే రెండు తీగల్లోని కరెంట్లు ఆంపియర్లలో, దూరం మీటర్లలో). బెజవాడ ఎండలకు మీ ఏసీ 10 ఆంపియర్లు లాగుతోంది, తీగల మధ్య 2 మిల్లీమీటర్లు ఉందనుకోండి: 0.01 న్యూటన్, అంటే సుమారు ఒక గ్రాము బరువు. ప్లాస్టిక్ తొడుగు కదలనైనా కదలదు.

అదే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ లాంటి చోట షార్ట్ సర్క్యూట్ అయితే కథ వేరు. 10 సెంటీమీటర్ల దూరంలోని రెండు బస్‌బార్లలో (భారీ కరెంటు మోసే లోహపు పట్టీల్లో) చెరో 10,000 ఆంపియర్లు పారితే మీటరుకు 200 న్యూటన్లు, దాదాపు 20 కిలోల బరువు. కరెంటు రెట్టింపైతే బలం నాలుగు రెట్లు! బస్‌బార్లను అంత గట్టిగా బిగించడానికి ఇదీ ఒక కారణం.