పక్షవాతం నుంచి కోలుకుంటున్నాను, రూ.5 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగిని, చేతికొచ్చే జీతం రూ.62,000. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఇప్పుడు నడుస్తున్నాను గానీ చొక్కా గుండీలు ఎడమ చేత్తోనే పెట్టుకుంటున్నాను. ఆసుపత్రి బిల్లు రూ.6.4 లక్షల్లో ఆఫీసు పాలసీ రూ.3 లక్షలు ఇచ్చింది. రెండు నెలలుగా జీతం లేని సెలవులో ఉన్నాను. నా భార్య జీతం రూ.22,000. ఇంటి రుణం ఈఎంఐ రూ.24,000, క్రెడిట్ కార్డు బాకీ రూ.80,000. ఐదేళ్ల పాప చదువు కోసం సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే మదుపు) పోగైన రూ.3.8 లక్షలను కదపకుండా, రూ.5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, సగం షేర్లలో పెట్టి ఆ లాభంతో వాయిదాలు కట్టవచ్చా?

జవాబు: కట్టలేరు. 16 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు రూ.17,600 వాయిదా పడుతుంది. జీతం ఆగిన ఇంట్లో, షేర్ల లాభం ఠంచనుగా అయిదో తేదీకి వస్తుందని నమ్మి ఇంత భారం నెత్తిన పెట్టుకోవడాన్ని ఏ లెక్కలోనూ పెట్టుబడి అనరు. ఈ సలహా ఎవరిచ్చారో గానీ, హామీ సంతకం వారు పెడతారేమో అడిగి చూడండి.

సిప్ ఒక్క నెల తప్పని మీరు అత్యవసర నిధి మాత్రం ఒక్క నెలకు సరిపడా కూడా పెట్టుకోలేదు. నాకు వచ్చే ఉత్తరాల్లో పదే పదే కనిపించే పొరపాటు ఇదే. ఆసుపత్రి బిల్లు ఒకసారి కడితే తీరిపోతుంది, పక్షవాతంలో ఇల్లు గుల్లయ్యేది డిశ్చార్జి తర్వాత. ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టుకు రోజుకు రూ.800 చొప్పున నెలలో 24 రోజులకు రూ.19,200, మందులకు రూ.4,000, ఇంటి ఖర్చు రూ.25,000 అనుకుంటే, ఈఎంఐతో కలిపి రూ.72,200 అవుతుంది. మీ భార్య జీతం పోను ప్రతి నెలా రూ.50,200 లోటు.

అందుకే ఆ రూ.3.8 లక్షలు వెనక్కి తీసుకోండి. పాప కాలేజీకి ఇంకా పన్నెండేళ్లు ఉన్నాయి, ఫిజియో వాయిదా వేస్తే పోయిన నెలలు తిరిగి రావు. సిప్‌లో కొని ఏడాది దాటిన ఈక్విటీ (షేర్ల) ఫండ్ యూనిట్లపై లాభం ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షల లోపు ఉంటే పన్ను పడదు. ముందు కార్డు బాకీ తీర్చేయండి, మిగిలిన రూ.3 లక్షలు దాదాపు ఆరు నెలల లోటుకు సరిపోతాయి. చాలకపోతే ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) నుంచి వైద్యం కోసం తీసుకోండి, దాన్ని తిరిగి కట్టనక్కర్లేదు.

ఇంటి రుణం కాగితాల్లో, అప్పట్లో బ్యాంకు అంటగట్టిన బీమా పాలసీ ఏదైనా ఉందేమో ఈ వారమే వెతకండి. అందులో తీవ్ర వ్యాధుల రైడర్ (పాలసీకి జోడించే అదనపు రక్షణ) ఉంటే, శాశ్వత లోపం మూడు నెలలకు పైగా కొనసాగుతోందని న్యూరాలజిస్టు ధ్రువపత్రం, స్కాన్ రిపోర్టులతో చూపి క్లెయిమ్ అడగవచ్చు. డిశ్చార్జి తర్వాతి బిల్లులకు ఆఫీసు పాలసీలో గడువు మిగిలిందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. మీ కుడిచేతి సంతకం మారిపోయి ఉంటుంది; చెక్కు వెనక్కి వచ్చేదాకా ఆగకుండా బ్యాంకులో కొత్త సంతకం నమోదు చేయించి, ఖాతాలో భార్యను చేర్చండి.

ఇప్పుడు మీకు కొత్త పాలసీ దొరకడం కష్టం గనుక తొందరపడి రాజీనామా చేయకండి. తప్పనిసరైతే, ఆఫీసు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారేందుకు ముందే దరఖాస్తు చేయండి. జీతం మళ్లీ మొదలయ్యాక తొలుత ఆ రూ.3 లక్షలను పూడ్చండి, సిప్ సంగతి ఆ తర్వాతే.