వెనక అట్ట మీద నాలుగు ముక్కలు

నాయనా,

నీ కథల ప్రూఫులు చదివినా, కథల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు వెనక అట్టకని నువ్వు పంపిన పరిచయం గురించి చెప్పాల. "సాహిత్యాభిమాని, ప్రకృతి ప్రేమికుడు, అనంతపురం జిల్లా వాసి" అని రాసినావు. ఇది ఎవరి పుస్తకానికైనా అతుకుతుంది. కళ్యాణదుర్గంలో ఎరువుల కొట్లో పని చేస్తావని, అప్పుకు శెనక్కాయ విత్తనాలు అడిగే రైతులను రోజూ చూస్తావని అందులో ఏదీ? సిగ్గుతో దాచినావని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ దాచినోడినే.

ఆదోని పత్తి మార్కెట్లో ఆరేండ్లు కాటా కాడ గుమస్తాగా చేసినా నేను. ఫస్ట్ బుక్ వేసేటప్పుడు మాత్రం ఎం.ఏ. తెలుగు అని వేయించుకున్నా, అట్ట మీద దాచినాక కథల్లోనూ దాచాల్సి వచ్చింది, ఎవరికన్నా తెలుస్తుందేమోనని మార్కెట్ దిక్కే పోనీలేదు కలాన్ని. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే హమాలీల మాటలు, టవల్ కింద వేళ్ళు పట్టుకొని చెప్పుకునే రేట్లు, తూకం తేలినప్పుడు రైతు మొగం, సగానికి సగం గుర్తుకు రావడంల్యా. అది నాకు శానా బాధ.

మన సీమ రచయితలను చూడు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి, ముగ్గురూ బడి పంతుళ్ళే. కేతు విశ్వనాథరెడ్డి గారు కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పీహెచ్‌డీ చేసినారు, ఒక్కో ఊరి పేరు ఎందుకొచ్చిందో వెతికిన మనిషి ఆ ఊర్ల మీద కథలు రాస్తే ఎట్లుంటాయో నువ్వే చదివి తెలుసుకో, ఆ కథలకే 1996లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

నువ్వు పుస్తక సమీక్షలు కూడా మొదలుపెట్టినావు కాబట్టి రారా గురించి చెప్తా. రాచమల్లు రామచంద్రారెడ్డి, కడప జిల్లా పైడిపాలెం ఆయనది. 1968లో సంవేదన పత్రిక పెట్టినారు, బాగలేని పుస్తకాన్ని బాగలేదనే రాసేవారు. తర్వాత మాస్కో పోయి తర్జుమా పని చేసినారు, బతుకుతెరువు కోసం చేసిన ఆ పనిలోంచే 'అనువాద సమస్యలు' అనే పుస్తకం పుట్టింది, 1988లో దానికీ అకాడమీ అవార్డు. కూటికోసం చేసే పని వేరు, సాహిత్యం వేరు అని ఎవరన్నా అంటే నాకు ఆయనే గుర్తొస్తారు.

అయితే ఒకటి. రచయిత బతుకు తెలుసుకో, కానీ దానికి మార్కులు వేయొద్దు. కష్టపడి పైకొచ్చినాడు కాబట్టి గొప్ప పుస్తకం అని రాస్తే అది సమీక్ష కాదు, ఆ మనిషినీ తక్కువ చేసినట్టే. ఆడవాళ్ళ పుస్తకమైతే మొగుడేం చేస్తాడు, పిల్లలెంతమంది అని మొదలుపెట్టే సమీక్షలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అట్లాంటిది నువ్వు ఎప్పటికీ రాయొద్దు. స్నేహితుడి పుస్తకమైతే స్నేహితుడని మొదటి లైన్లోనే చెప్పేసెయ్, తర్వాత నచ్చనిది నచ్చలేదని రాయి. పలకరింపులు తగ్గుతాయి, నాకూ కొన్ని తగ్గినాయి, అయినా రాయి.

ఇంక నీ పరిచయం మళ్ళీ రాసి పంపు. మీ నాయన వేయించిన బోర్లు ఎన్ని, ఎన్నింట్లో నీళ్ళు పడినాయి అనేది పోయినసారి ఫోన్లో చెప్పినావే, ఆ ఒక్క వాక్యం పెట్టినా చాలు. ప్రూఫులు నా దగ్గరే పెట్టుకున్నా, నువ్వు పంపినాకే ప్రెస్సుకు ఇస్తా.