రాత్రంతా చల్లారిన బండినే చూడు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఎర్ర రంగు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 62 వేల కిలోమీటర్లు, ఒకే ఓనరు. ఎన్నాళ్లుగా అడుగుతున్నావో నాకు తెలుసు కాబట్టి వద్దనను. అయితే అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకు. ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లాలి, అది రాత్రంతా కదలకుండా ఉండాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే మాట్లాడకుండా వెనక్కి వచ్చేసి, ఇంకో రోజు వస్తామని చెప్పు. నేను 2014లో ఈ పని చెయ్యలేదు. స్కోడా లారా 1.8 టీఎస్‌ఐ చూడ్డానికి వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. ఇప్పుడే కడిగించి తెచ్చానన్నాడు బ్రోకరు, నేను నమ్మాను. మూడో నెలలో ఒక తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టగానే గలగలమని శబ్దం వచ్చి బండి ఆగిపోయింది. టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పోయి చైన్ పళ్లు జారింది, పిస్టన్లు వెళ్లి వాల్వులను కొట్టాయి. హెడ్ మొత్తం విప్పించాల్సి వచ్చింది. ఆ ఖర్చుకి మీ పిన్ని గాజులు తాకట్టు పెట్టాను. చల్లని ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు మొదటి రెండు మూడు సెకన్లు వినుంటే ఆ గలగల నాకు ముందే తెలిసేది.

ఆర్‌ఎస్‌లో ఉన్నది ఆ లారా ఇంజిన్ కుటుంబంలోనే మూడో తరం ఇంజిన్. చైన్ బెడద చాలావరకు తగ్గింది కానీ వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ దీని బలహీనత. అందులోంచి ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ సన్నగా కారుతుంది, కింద చుక్క పడదు, వేడికి ఆరిపోయి గులాబీ రంగు పొడిలా అంటుకుని ఉంటుంది. టార్చి వేసి చూడు. కూలెంట్ డబ్బాలో మట్టం తక్కువుంటే ఎందుకు తగ్గిందని అడుగు. ఎండకి తగ్గుతుందంటే నమ్మకు, అది మూసి ఉన్న వ్యవస్థ.

ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో వదిలి ఒక్కసారి ఎక్సలేటర్ తొక్కించి, నువ్వు వెనక నిలబడు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది. తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. చలికాలం పొద్దున కాసేపు కనిపించే ఆవిరికి భయపడకు.

ఇలాంటి బండ్లకు అసలు ప్రమాదం రీమ్యాప్. కంపెనీ ఇచ్చిన 230 పీఎస్‌ను ఇంజిన్ కంప్యూటర్‌లోని ఫైల్ మార్చి మూడొందల దగ్గరికి తెస్తారు, అమ్మేముందు మళ్లీ పాత ఫైల్ ఎక్కిస్తారు. రీమ్యాప్ చేయించినంత మాత్రాన బండి చెడ్డదని కాదు, పద్ధతిగా చేయించి ఆయిల్ సమయానికి మార్చిన బండ్లు నేను చూశాను. దాచితే మాత్రం ఆ మనిషి దగ్గర కొనొద్దు. టర్బో దగ్గర పైపుల బోల్టులకు పానా గీతలు, ఎయిర్ ఫిల్టర్ బాక్స్ క్లిప్పులు విరిగి ఉండటం, సైలెన్సర్ గొట్టానికి కొత్త వెల్డింగ్, ఇవి చూడు. కంపెనీ వర్క్‌షాప్‌లో స్కాన్ చేయించిన బండైతే రీమ్యాప్ చేసినట్టు తెలిపే టీడీ1 అనే గుర్తు వాళ్ల రికార్డులో పడి ఉండొచ్చు, అది కూడా అడుగు.

గేర్‌బాక్స్ ఆరు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, క్లచ్‌లు ఆయిల్‌లో తడిసి ఉండే రకం. పాత పోలో జీటీలో వచ్చిన ఏడు గేర్ల పొడి క్లచ్ కంటే గట్టిది. 60 వేలకి ఒకసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఈ బండి 62 వేల దగ్గర ఉంది కాబట్టి ఆ బిల్లు చూపించమను, లేకపోతే ఆ ఖర్చు రేటులో తగ్గించమను. ఖాళీ రోడ్డు మీద మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు పెట్టి, 2000 ఆర్‌పీఎం దగ్గర నుంచి ఎక్సలేటర్ గట్టిగా తొక్కు. పెడల్ అడుగున టక్కుమనే చోటు మాత్రం దాటకు, దాటితే గేరు తనే మారిపోతుంది. ఆర్‌పీఎం ముల్లు లేచి వేగం లేవకపోతే క్లచ్ జారుతోంది. తర్వాత ఎత్తు మీద రివర్స్‌లో నెమ్మదిగా ఎక్కించి చూడు, వణుకు ఉంటే అక్కడ తెలిసిపోతుంది.

బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టకుండా కొనే మాటే లేదు. లోపాలు కనిపించకపోతే సంతోషించకు. బండి తనను తాను చేసుకునే రెడీనెస్ పరీక్షలు పూర్తి కాలేదని చూపిస్తే ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. మిగిలిన కోడ్‌ల పక్కన అవి ఎన్ని కిలోమీటర్ల దగ్గర పడ్డాయో ఉంటుంది. మీటర్ 62 వేలు చూపిస్తూ కోడ్ 90 వేల దగ్గర పడి ఉంటే ఇక అడగాల్సింది ఏమీ లేదు.

ఇంకో సంగతి, బండి నీళ్లలో మునిగిందేమో చూడు. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు ఎలా మునిగాయో నీకు తెలిసిందే. వాటిలో కొన్ని శుభ్రం చేయించుకుని మళ్లీ సంతలోకి వస్తాయి. సీట్‌బెల్టు చివరిదాకా లాగితే బురద గీత కనిపిస్తుంది. స్టెప్నీ గుంట, సీటు కింద పట్టాలు, కార్పెట్ అడుగు తడిమి చూడు. సెంటు వాసన మరీ ఎక్కువుంటే అనుమానించు.

పెయింట్ మందం మీటర్ నా దగ్గర ఉంది. ఒక్క డోర్ రంగు వేయించి ఉంటే పర్వాలేదు. పైకప్పుకి గానీ దాన్ని మోసే స్తంభాలకి గానీ మళ్లీ రంగు పడి ఉంటే పెద్ద దెబ్బ తగిలి ఉండొచ్చు, వదిలెయ్. టైర్ల మీద నాలుగంకెలు చూడు, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవైతే ఆ ఓనరు బండి మీద డబ్బు పెట్టలేదన్నమాట.

కాగితాలు: ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో పోల్చు, లోన్ ఉంటే అది తీరిపోయిందని బ్యాంక్ ఫారం 35 ఇచ్చిందో లేదో చూడు, చలాన్లు చూడు. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీతో పాటు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకో.

శనివారం రాత్రి నుంచి బండి స్టార్ట్ చెయ్యొద్దని వాళ్లకి గట్టిగా చెప్పు. ఆదివారం ఆరింటికల్లా నేను స్కానర్, పెయింట్ మీటర్ తీసుకుని మీ ఇంటి దగ్గరికి వస్తాను. బ్యాంక్ కార్డు ఇంట్లోనే పెట్టి రా.

ఇట్లు,
మీ బాబాయ్