గోలీ సరంజామా: ఎక్కడ నొక్కి చూడాలి, ఎక్కడ డబ్బు పెట్టాలి

ఐస్ హాకీలో గోల్ కాసే (గోలీ) పిల్లల తల్లిదండ్రులు, పెద్దయ్యాక ఆట మొదలుపెట్టినవారు అమెరికా, కెనడాల నుంచి పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈ నెల సమాధానాలు.

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు. గోలీగా ఆడతానంటున్నాడు. తెలిసినవాళ్లు తమ పిల్లవాడి పాత సెట్ మొత్తం తక్కువకే ఇస్తామన్నారు. పైకి బాగానే ఉంది. లోపల ఇంకా సత్తువ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ముందు ఆ సెట్‌ను రెండు కుప్పలుగా విడదీయండి. లెగ్ ప్యాడ్స్, బ్లాకర్ (స్టిక్ పట్టే చేతికి తొడిగే పలక గ్లవ్), క్యాచ్ గ్లవ్, స్టిక్ ఒక కుప్ప. మాస్క్, చెస్ట్ ప్రొటెక్టర్, కప్ (మర్మాంగాలకు పెట్టే గార్డ్), మోకాలి గార్డులు, మెడ కాలర్ రెండో కుప్ప. మొదటి కుప్పలో లోపం ఉంటే ఎక్కువసార్లు గోల్ పడుతుంది, లేదా ఒళ్లు కమిలి రెండు రోజుల్లో తగ్గుతుంది. రెండో కుప్పలో లోపం ఉంటే ఆస్పత్రికి పరుగెత్తాలి. అందుకే మొదటిది పాతదైనా ఫర్వాలేదు. రెండోది ఒక్కొక్కటీ పరీక్షించాకే తీసుకోండి.

మాస్క్‌తో మొదలుపెడదాం. వెనకవైపు లేదా లోపల సర్టిఫికేషన్ స్టిక్కర్ ఉండాలి. అమెరికాలో హెచ్‌ఈసీసీ, కెనడాలో సీఎస్‌ఏ. దాని మీద గడువు తేదీ ఉంటే చదవండి. స్టిక్కర్ చిరిగిపోయినా, పెయింట్ కింద కప్పబడిపోయినా ఆ మాస్క్ వదిలేయండి. తర్వాత ముఖం ముందుండే కేజ్ కడ్డీల మధ్య సందులు చూడండి. 'క్యాట్ ఐ' అనే కేజ్‌లు రెండు రకాలు. పెద్దల లీగుల్లో కొందరు వాడే సర్టిఫై కాని రకంలో కంటి దగ్గర సందు పెద్దది. ఎదుటివాడి స్టిక్ కొన అందులోంచి లోపలికి దూరగలదు. పిల్లలకు అది పనికిరాదు, లీగులూ ఒప్పుకోవు.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీసి కేజ్‌ను, లోపలి ఫోమ్‌ను విప్పండి. టార్చి వేసి షెల్ లోపలి గోడ చూడండి. పగుళ్లు మొదట వచ్చేది స్క్రూ రంధ్రాల చుట్టూ, గడ్డం దగ్గర, నుదుటి మధ్యలో. పైన రంగు మీద కనిపించే గీత కేవలం గీతే కావచ్చు. అదే గీత లోపలివైపూ కనిపిస్తే మాత్రం అది పగులు. ఫైబర్‌గ్లాస్ షెల్ అయితే నాణెంతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోండి. కుండను కొనేముందు వేలితో తట్టి చూసినట్టే. గట్టి చోట ఖణేల్‌మంటుంది, లోపల పొరలు విడిపోయిన చోట చప్పుడు మొద్దుగా వస్తుంది. కేజ్‌లో ఒక్క కడ్డీ లోపలికి వంగినా, ఒక్క వెల్డింగ్ ఊడినా కొత్త కేజ్ వేయించండి. సుత్తితో సరిచేసిన కడ్డీ మరో దెబ్బకు అక్కడే విరుగుతుంది.

చెస్ట్ ప్రొటెక్టర్‌ను చూసే పద్ధతి వేరు. అందులో సాధారణంగా మూడు పొరలు. పైన గట్టి ప్లాస్టిక్, మధ్యలో గట్టి ఫోమ్, ఒంటికి తగిలేవైపు మెత్తటి ఫోమ్. బురదలో చెక్క పలక వేసి నడిస్తే కాలు దిగబడదు కదా, ప్లాస్టిక్ చేసే పని అదే. దెబ్బ ఒక్కచోట దిగకుండా వెడల్పుగా పరుస్తుంది. మిగతా బలాన్ని మధ్య ఫోమ్ నలిగి మింగుతుంది. కాలర్‌బోన్, రొమ్ము ఎముక, మోచేయి చుట్టూ బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలు కొంచెమే దిగి, తీసిన వెంటనే ఫోమ్ పైకి రావాలి. గుంట అలాగే ఉండిపోయినా, లోపల పొడిలా కరకరలాడినా దాని పని అయిపోయింది. భుజం రేకుల్ని రెండు చేతుల్తో కొంచెం వంచండి. టక్కుమని శబ్దం వస్తే లోపల ప్లాస్టిక్ విరిగి ఉంది.

ఇవన్నీ బాగున్నా అసలు పరీక్ష మిగిలే ఉంది. ఇంట్లో కార్పెట్ మీద అబ్బాయికి స్కేట్లు తప్ప మొత్తం తొడిగి, జెర్సీ కూడా వేసి, బటర్‌ఫ్లైలో, అంటే మోకాళ్ల మీద, పిక్కలు రెండు పక్కలకూ విప్పి కూర్చోబెట్టండి. రక్షణ తెగేది ఎప్పుడూ రెండు ముక్కలు కలిసే చోట. చేతులు పైకెత్తితే పొట్ట కింద ప్యాంటుకీ చెస్ట్ ప్రొటెక్టర్‌కీ మధ్య ఒళ్లు కనిపిస్తోందా? చేయి ముందుకు చాపితే మోచేతి కప్ పక్కకు జరుగుతోందా? మణికట్టు దగ్గర గ్లవ్‌కీ చేతి ప్యాడ్‌కీ మధ్య ఖాళీ ఎంత? మోకాలి పైన, తొడ ముందుభాగంలో ఏ గార్డూ లేని చోటు ఉందా? ఇలాంటి సందుల్లో తగిలిన దెబ్బే పిల్లల్ని గోల్ వదిలేసి వెళ్లిపోయేలా చేస్తుంది.

ఇంకొక్క మాట. 'పెరిగే పిల్లాడు కదా' అని స్కూలు యూనిఫారంలాగా రెండు సైజులు పెద్దది తీసుకోవద్దు. చెస్ట్ ప్రొటెక్టర్ పెద్దదైతే కూర్చున్నప్పుడు పైకి లేచి మాస్క్‌ను తోస్తుంది, మోచేయి కప్‌లోంచి బయటికి వస్తుంది. లెగ్ ప్యాడ్ పెద్దదైతే మోకాలు దాని కోసం కుట్టిన దిండు మీద ఆనకుండా కిందికి దిగిపోతుంది. ప్యాడ్ తిరగదు, మోకాలి లోపలివైపు నేరుగా మంచుకు కొట్టుకుంటుంది. మోకాలి చిప్ప ఆ దిండు మీద సరిగ్గా కూర్చోవాలి, ప్యాడ్ పై అంచు తొడ మధ్యకు అటూఇటూగా రావాలి. ప్యాడ్స్ మీద '30+1' లాంటి అంకెల్లో రెండోది మోకాలి పైన అదనంగా ఉన్న అంగుళాలు. కంపెనీని బట్టి కొలతలు మారతాయి కాబట్టి అంకె కంటే మోకాలిని నమ్మండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. పెద్దల రిక్రియేషన్ లీగులో గోలీగా చేరాను. ఇంటర్మీడియట్ చెస్ట్ ప్రొటెక్టర్ ఒంటికి చక్కగా సరిపోయింది, సీనియర్ దానికంటే చవక కూడా. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, మిసిసాగా, ఒంటారియో

జవాబు: కొనవద్దు. జూనియర్, ఇంటర్మీడియట్, సీనియర్ అన్న మాటలు ఒంటి కొలతనే కాదు, ఎంత వేగంతో వచ్చే పక్‌ను (ఈ ఆటలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల) తట్టుకోవాలన్నదాన్నీ సూచిస్తాయి. చిన్న సైజుల్లో ఫోమ్ పలచన, ప్లాస్టిక్ తక్కువ. పిల్లల షాట్లకు అది చాలు.

లెక్క వేసి చూడండి. పక్ బరువు 156 నుంచి 170 గ్రాములు, అంటే ఇంచుమించు క్రికెట్ బంతి బరువే. ఎగరకుండా ఉండాలని దాన్ని ముందే గడ్డకట్టిస్తారు కాబట్టి ఇంకా గట్టిగా ఉంటుంది. 170 గ్రాముల పక్ గంటకు 40 మైళ్ల వేగంతో వస్తే దానిలో శక్తి సుమారు 27 జౌళ్లు. 60 మైళ్లయితే 61. 90 మైళ్లయితే 138. వేగం రెట్టింపు కాకముందే దెబ్బ రెట్టింపు దాటిపోతుంది. మీ లీగులో కాలేజీ రోజుల్లో ఆడినవాడు ఒక్కడున్నా చాలు, ఇంటర్మీడియట్ ప్యాడ్ చాలదు. కాలర్‌బోన్ మీద తగిలితే విరగవచ్చు.

మీ ఎత్తుకు సీనియర్ స్మాల్ చూడండి. చేతులు పొడవనిపిస్తే చాలా మోడళ్లలో మోచేయి దగ్గర పట్టీలతో కుదించుకోవచ్చు. దొరక్కపోతే పెద్ద షాపుల్లో చేతి పొడవు తగ్గించి కుట్టిస్తారు. పలచబడితే ఏమవుతుందో పైస్థాయిలోనూ చూశాం. 2018–19 సీజన్‌కు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ చెస్ట్ ప్రొటెక్టర్లను ఒంటి ఆకారానికి దగ్గరగా తగ్గించినప్పుడు, ఒళ్లు ఎక్కువగా కమిలిపోతోందని గోలీలే ఫిర్యాదు చేశారు. వాళ్లు వాడేది అత్యుత్తమ సరుకు.

ప్రశ్న: ఇండియా నుంచి తెచ్చుకున్న క్రికెట్ గార్డ్ ఉంది. గోలీకి అది చాలదా?

జవాబు: చాలదు. క్రికెట్ గార్డ్ ఒకే చిప్ప, చుట్టూ అంచు సన్నం. గోలీ కప్ పెద్దది. మంచివాటిలో ఒకదాని మీద ఒకటి రెండు చిప్పలు ఉంటాయి, మధ్యలో గాలి ఖాళీ, పైన పొత్తికడుపుకు ఫోమ్ పట్టీ. మోకాళ్ల మీద కూర్చుని కాళ్లు విడదీసినప్పుడు పక్ కింది నుంచి పైకి వస్తుంది, ఆ దిక్కున క్రికెట్ గార్డ్‌లో ఏమీ లేదు. అమ్మాయిలకు విడిగా పెల్విక్ ప్రొటెక్టర్ అమ్ముతారు. అదీ గోలీల కోసం చేసినదే అయి ఉండాలి.

ప్రశ్న: మా అమ్మాయి మాస్క్ కింద పారదర్శకమైన ప్లాస్టిక్ పలక వేలాడుతోంది. అది ఉండగా మెడకు కాలర్ కూడా కట్టాలా? ఉక్కగా ఉందని విప్పేస్తోంది.
– ఒక పాఠకురాలు, బ్రాంప్టన్, ఒంటారియో

జవాబు: రెండూ ఉండాలి. ఈ విషయంలో రాజీ పడమని ఎవరు చెప్పినా వినొద్దు. ఆ పలకను 'డ్యాంగ్లర్' అంటారు. అది పక్ నుంచి కాపాడుతుంది. స్కేట్ బ్లేడు పక్క నుంచి, కింది నుంచి వస్తే దానికి అడ్డం పడేది కాలర్ ఒక్కటే.

1989 మార్చి 22న బఫలోలో జరిగిన ఆటలో గోలీ క్లింట్ మలార్చక్ మెడలోని రక్తనాళం ఎదుటి ఆటగాడి స్కేట్‌కు తెగింది. జట్టు ట్రైనర్ చేత్తో గట్టిగా నొక్కిపట్టడం వల్ల బతికాడు. 2023 అక్టోబరు 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆటగాడు ఆడం జాన్సన్ ఇలాగే మెడ తెగి చనిపోయాడు. ఆ తర్వాతే చాలాచోట్ల నియమాలు బిగిశాయి. అమెరికాలో యూఎస్‌ఏ హాకీ 2024 ఆగస్టు 1 నుంచి పెద్దల విభాగం తప్ప మిగతా అందరికీ మెడ రక్షణను తప్పనిసరి చేసింది. మీ కెనడాలో పిల్లల హాకీకి ఆ నియమం అంతకుముందే ఉంది, అక్కడ బీఎన్‌క్యూ (క్యూబెక్ ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్న కాలరే చెల్లుతుంది.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఒట్టి నైలాన్ గుడ్డలో ఫోమ్ పెట్టి కుట్టినవీ ఉన్నాయి. అవి కోతను ఆపవు. కోతకు తట్టుకునే నూలు, ఉదాహరణకు కెవ్లార్ లాంటి అరామిడ్, అందులో ఉందని రాసి ఉండాలి. ఉక్కే సమస్య అయితే మందపాటి కాలర్ బదులు, మెడవరకు అదే నూలుతో నేసిన బిగుతు బనియన్లు దొరుకుతాయి. చాలామంది పిల్లలు వాటిని విప్పరు. అయితే వాటికీ బీఎన్‌క్యూ గుర్తు ఉందో లేదో చూడండి. అంటుకునే పట్టీ పట్టు తప్పితే వెంటనే మార్చండి. ఆటలో ఊడిపోయిన కాలర్ ఉన్నా లేనట్టే.

డ్యాంగ్లర్ కట్టడంలో తప్పు ఎక్కువమంది చేస్తారు. తాడు బిగించి కట్టకూడదు, పలక ఊగాలి. పక్ తగిలినప్పుడు వెనక్కి ఊగుతూ బలాన్ని తీసుకోవడమే దాని పని. పొడవు ఎంతో తెలియాలంటే పిల్లను తల పైకెత్తి చూడమనండి. ఆ భంగిమలోనూ పలక కింది అంచు చెస్ట్ ప్రొటెక్టర్ పై అంచును దాటి కిందికి రావాలి. మరీ పొడవైతే తల వంచినప్పుడు ఛాతీకి తగిలి మాస్క్‌ను పైకి తోస్తుంది, చూపు తప్పుతుంది.

ప్రశ్న: క్యాచ్ గ్లవ్ కొత్తదే. అయినా పట్టిన ప్రతిసారీ చూపుడువేలి మొదట్లో మంట. చిన్నప్పుడు వికెట్ కీపింగ్ చేశాను, పట్టు తప్పు కాదనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, షికాగో

జవాబు: మీ కీపింగ్ అలవాటే కారణమని మా అనుమానం. కీపర్ బంతిని అరచేతిలోకి తీసుకుంటూ చేతిని వెనక్కి ఇస్తాడు. గోలీ గ్లవ్ అలా కుట్టింది కాదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తాళ్లతో అల్లిన వలలాంటి పాకెట్‌లో పక్ పడాలి, అరచేతిలో కాదు. గ్లవ్‌ను ఒంటి ముందుకు చాపి, పాకెట్‌ను పక్ దారిలోకి తెచ్చి, చూపును అక్కడిదాకా తీసుకెళ్లడం అలవాటు చేసుకోండి.

గ్లవ్‌నూ చూడండి. ఎడమచేతికి తొడుక్కుని, కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి మొదట్లో నొక్కండి. వేలు తెలిస్తే అరచేతి ప్యాడ్ పలచన. తొడగగానే సులువుగా మూసుకునేవి ఎక్కువగా ఈ రకమే. ప్రో ప్యాడ్ మందం ఎక్కువ, మెత్తబడటానికి వారాలు పడుతుంది, మంట తక్కువ. ఉన్నదాన్నే వాడాలంటే లోపల పలచటి గట్టి ఫోమ్ ముక్క లేదా ప్యాడ్ ఉన్న లోచేతి గ్లవ్ వేసుకోండి. మణికట్టు పట్టీ వదులుగా ఉంటే చేయి కిందికి జారి వేళ్లు ప్యాడ్ లేని చోటికి పోతాయి, అది ముందు బిగించండి. మెత్తబరచడానికి వేడినీళ్లలో ముంచడం, ఓవెన్‌లో పెట్టడం చేయొద్దు, పొరల మధ్య జిగురు వదులుతుంది. వేలు రెండు మూడు రోజులు తిమ్మిరిగానే ఉంటే ఆట ఆపి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: గేర్ వాసన భరించలేకపోతున్నాం. గ్యారేజీలో, కారు డిక్కీలో ఉంచుతున్నాం. ఎండలో వేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: పరుపులు ఎండలో వేసే అలవాటు మనది, కానీ దీనికి పనికిరాదు. టెక్సాస్ వేసవిలో మూసిన డిక్కీ, గ్యారేజీ రెండూ కొలిమిలా కాగుతాయి. ఫోమ్ పొరల్ని అతికించిన జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి, బరువు కింద నలిగిన ఫోమ్ అలాగే ఉండిపోతుంది. వాసన పోతుంది, రక్షణా పోతుంది.

ఆట నుంచి రాగానే బ్యాగులోంచి అంతా తీసి, ఏసీ ఉన్న గదిలో స్టాండుకు తగిలించి ఫ్యాన్ పెట్టండి, రేపటి వరకు ఉంచండి. చెస్ట్ ప్రొటెక్టర్‌ను నెలకోసారి టబ్బులో చల్లని నీళ్లు, కొంచెం డిటర్జెంట్ వేసి నానబెట్టి, పిండకుండా చేత్తో నొక్కి నీరు దింపండి. ఆరడానికి రెండు రోజులు పడుతుంది. లెగ్ ప్యాడ్స్‌ను నానబెట్టకూడదు. లోపలి ఫోమ్ నీరు తాగితే ఆరదు. తడిగుడ్డతో తుడవడం వరకే. మాస్క్ లోపలి చెమట పట్టీ విప్పి విడిగా ఉతకండి. అప్పుడే స్క్రూలు చూసి, తుప్పు పట్టినవాటి బదులు స్టెయిన్‌లెస్‌వి వేయండి.

ఇన్నాళ్లూ గ్యారేజీలో ఉన్న డ్యాంగ్లర్‌ను వెలుతురుకు పట్టి చూడండి. పసుపు తిరిగినా, తాడు రంధ్రాల దగ్గర వెంట్రుకంత గీత కనిపించినా ఈ వారమే మార్చండి.